పగులు పూడ్చేది ఎవరు?

1990 అక్టోబర్ 31న అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరంలో, బర్న్‌సైడ్ వంతెన కింద, కొందరు స్కేట్‌బోర్డర్లు కాంక్రీటు కలిపి ఒక గోడ మొదట్లో చిన్న ఏటవాలు పోశారు. అనుమతి లేదు. ప్లాను లేదు. ఇంజనీరు లేడు. అది ముసురు ఎక్కువగా పట్టే ఊరు. వంతెన కింద అయితే తడవకుండా ఆడుకోవచ్చు. మొదట వాళ్ల ఆలోచన అంతవరకే. తర్వాత ఆ ఏటవాలు పక్కన ఇంకోటి, దాని పక్కన మరోటి లేచాయి. ఎక్కడో పని ముగించుకుని వస్తున్న కాంక్రీటు లారీల్లో అడుగున మిగిలిన మాల్ అడిగి పోయించుకున్నారు. రెండేళ్లు తిరిగేసరికి, 1992లో, నగర పాలకులు ఆ జాగా వాళ్లు వాడుకోవడానికి ఒప్పుకున్నారు. వాళ్ల తరఫున మాట్లాడినవాళ్లలో చుట్టుపక్కల వ్యాపారులూ ఉన్నారు. అప్పటిదాకా పగలు కూడా ఎవరూ నడవడానికి ఇష్టపడని ఆ మూలకు మనుషుల అలికిడి వచ్చిందని వాళ్ల సంతోషం.

బర్న్‌సైడ్ స్కేట్‌పార్క్ ఇప్పటికీ ఉంది. ముప్పై ఏళ్లు దాటింది. దాన్ని ఊడ్చేదీ, పగుళ్లు పూడ్చేదీ, పాతది పగలగొట్టి కొత్తది పోసేదీ అక్కడ ఆడేవాళ్లే.

నేను స్కేట్‌బోర్డు ఎన్నడూ ఎక్కలేదు. కరీంనగర్‌లో పెరిగిన నా తరానికి స్కేటింగ్ అంటే నాలుగు చక్రాల బూట్లు వేసుకుని, మోకాళ్లకు ప్యాడ్లు కట్టుకుని, కోచ్ విజిల్‌కి గుండ్రంగా తిరగడమే. అయినా ఈ కాంక్రీటు గుంతల చరిత్ర నన్ను పట్టుకుంది. కారణం విచిత్రమైనదేమీ కాదు. మా దిక్కు పెద్దవాళ్లు చెరువు కట్ట గురించి మాట్లాడే తీరూ, ఈ కుర్రాళ్లు బౌల్ గురించి మాట్లాడే తీరూ ఒక్కలాగే వినిపించాయి. ఎక్కడ నెర్రె బాసింది, ఎక్కడ నీళ్లు నిలుస్తున్నాయి, ఎవరు చూసుకోవాలి, పోయినసారి ఎవరు రాలేదు. ఈ ఆఖరి రెండు ప్రశ్నల చుట్టూనే ఈ వ్యాసం.

*

ముందు ఆ మరమ్మతు సంగతి కొంచెం చెప్పాలి. స్కేట్‌బోర్డు చక్రం చాలా చిన్నది, గట్టిది. సైకిల్ టైరులా అది గులకరాయిని మింగేయదు. రాయి అడ్డం వస్తే చక్రం అక్కడే ఆగుతుంది, మనిషి మాత్రం ఆగడు. అందుకే వేలి మందం పగులు కూడా స్కేటర్‌కి చిన్న విషయం కాదు. మున్సిపాలిటీ ఇంజనీరు కంటికి ఆనని లోపం అతని మోకాలికి తెలుస్తుంది.

పగులు పూడ్చడమంటే పైన సిమెంటు పామడం కాదు. అలా పామితే నాలుగు రోజుల్లో పెచ్చులూడి ఇంకా ప్రమాదం. గ్రైండరుతో పగులును వెడల్పు చేయాలి, లోపలి దుమ్మంతా తీసేయాలి, అతుక్కునే రకం మోర్టారో ఎపాక్సీయో నింపాలి, చుట్టూ ఉన్న వంపుతో సమానంగా తాపీతో లాగాలి. సిమెంటు పని అయితే పైన తడి గోనె సంచులు కప్పి నీళ్లు పట్టాలి. గుంత అడుగున ఉన్న డ్రైనేజీ రంధ్రంలో ఆకులు చేరకుండా చూడాలి. వాన వెలిశాక తుడుపు గుడ్డలతో నీళ్లు ఎత్తాలి. ఇదంతా ఏడాదికోసారి టెండరు పిలిచి చేసే పని కాదు. వారం వారం, ఒక్కోసారి రోజూ చేసుకోవాలి.

అమెరికాలో 1970ల్లో స్కేట్‌పార్కులు వందల్లో పుట్టుకొచ్చాయి. చాలామటుకు ప్రైవేటువి, టికెట్ పెట్టి నడిపినవి. దెబ్బలు తగిలినవాళ్లు కోర్టుకెళ్లారు, బీమా ఖర్చు పెరిగింది, ఆట మీద మోజు తగ్గింది. 1980 వచ్చేసరికి చాలావాటిని బుల్డోజర్లతో పూడ్చేశారు. ఒక తరం పిల్లలకు ఆడే చోటు లేకుండా పోయింది. వాళ్లు వీధుల్లోకి, ఖాళీ ఈతకొలనుల్లోకి, వంతెనల కిందికి వెళ్లారు. బర్న్‌సైడ్ ఆ వెలితిలోంచి వచ్చింది. 1990ల చివర్లో కాలిఫోర్నియా రాష్ట్రం స్కేట్‌బోర్డింగ్‌ను ప్రమాదం తెలిసే ఆడే ఆటల జాబితాలో చేర్చింది. దెబ్బ తగిలిన ప్రతిసారీ నగరం మీద దావా పడే భయం తగ్గాక పబ్లిక్ స్కేట్‌పార్కులు మళ్లీ మొదలయ్యాయి.

ఈసారి కట్టింది ప్రభుత్వాలు. వాటిలో కొన్ని ఎలా ఉన్నాయంటే, ఫిలడెల్ఫియా కథ చాలు. నగరం నడిబొడ్డున ఉన్న లవ్ పార్క్ నుంచి స్కేటర్లను పంపేయడానికి, 1990ల మధ్యలో ఊరి చివర, హైవే ఫ్లైఓవర్ కింద, ఎఫ్‌డీఆర్ పార్కులో వాళ్లకో జాగా ఇచ్చారు. నగరం అక్కడ పెట్టించినవి ఆట తెలిసినవాళ్లకు పనికిరాలేదు. స్కేటర్లు కొన్నాళ్లు తిట్టుకున్నారు. తర్వాత చందాలు వేసుకుని, సిమెంటు తెచ్చుకుని, వాళ్లే కట్టుకున్నారు. ఇప్పుడు ఎఫ్‌డీఆర్‌ అంటే లోకానికి తెలిసింది ఆ రెండో కట్టడమే.

లండన్‌లో ఇంకో రకం. థేమ్స్ ఒడ్డున సౌత్‌బ్యాంక్ సెంటర్ కింది భాగంలో 1970ల నుంచి స్కేటర్లు ఆడుతున్నారు. అది స్కేట్‌పార్కుగా కట్టింది కాదు, ఒక కళాకేంద్రం కింద మిగిలిపోయిన ఖాళీ. 2013లో అక్కడ దుకాణాలు పెట్టి, స్కేటర్లకు వేరే చోట కొత్త పార్కు కట్టిస్తామన్నారు. కొత్తది, మంచిది, ఉచితం. వాళ్లు వద్దన్నారు. ఏడాదికి పైగా ఉద్యమం నడిచింది. 2014 సెప్టెంబర్‌లో ఆ జాగా స్కేటర్లకే ఉండేట్టు ఒప్పందం కుదిరింది. అంతటితో ఆగకుండా, అంతకుముందు మూసేసిన భాగాన్ని బాగుచేయడానికి వాళ్లే విరాళాలు పోగుచేశారు. 2019లో అది తెరుచుకుంది. ఇచ్చినదానికీ, నిలబెట్టుకున్నదానికీ తేడా వాళ్లకు తెలుసు.

*

బర్న్‌సైడ్‌లో మొదటి కాంక్రీటు పడిన 1990లోనే ఎలినార్ ఆస్ట్రమ్ 'గవర్నింగ్ ద కామన్స్' పుస్తకం వచ్చింది. 2009లో ఆమెకు ఆర్థిక శాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. ఉమ్మడి వనరు ఏదైనా, అందరిదీ అయితే ఎవరూ పట్టించుకోరు కాబట్టి ప్రభుత్వమో ప్రైవేటో స్వాధీనం చేసుకోవాలన్న వాదనకు ఆమె జవాబు చెప్పింది. ఎన్నో దేశాల్లో జనం వందల ఏళ్లుగా కాలువలు, పచ్చికబయళ్లు, చేపల రేవులు తామే నడుపుకున్నారని చూపించింది. అయితే ఊరికే కాదు, కొన్ని షరతుల మీద. వాడుకునేవాళ్లు ఎవరో స్పష్టంగా ఉండాలి. పడే శ్రమకూ దక్కే లాభానికీ లంకె ఉండాలి. నియమాలు మార్చడంలో వాడుకునేవాళ్ల మాట చెల్లాలి. తమను తాము నిర్వహించుకునే హక్కును పై ప్రభుత్వం గుర్తించాలి.

నేపాల్ సాగునీటి వ్యవస్థల మీద ఆమె, ఆమె సహచరులు చేసిన పరిశోధనలో ఒక సంగతి నాకు మరీ ముఖ్యమనిపిస్తుంది. రాళ్లు, కొమ్మలు, మట్టితో రైతులే ఏటేటా కట్టుకునే అడ్డుకట్టలు ఇంజనీర్లు పక్కాగా కట్టినవాటి కంటే చాలాచోట్ల బాగా పనిచేశాయి. ఎందుకు? మట్టి కట్ట ఏటా కొట్టుకుపోతుంది. మళ్లీ కట్టాలంటే కాలువ మొదట్లో ఉన్న రైతుకు చివర్లో ఉన్న రైతు చేతులు కావాలి. చేతులు కావాలంటే నీళ్లివ్వాలి. కాంక్రీటు వచ్చాక ఏటేటా మరమ్మతు అక్కర్లేదు. దాంతో చివరి రైతు అవసరమూ తీరిపోయింది, నీళ్లూ పోయాయి. మరమ్మతు అనేది ఖర్చు పద్దు మాత్రమే కాదు. ఒకడి అవసరాన్ని ఇంకొకడికి గుర్తుచేసే ఏర్పాటు.

మన దగ్గర ఇలాంటి పరిశీలన దానికంటే ముందే జరిగింది. రాబర్ట్ వేడ్ కర్నూలు జిల్లాలో కాలువ కింది 31 గ్రామాలు చూసి 1988లో 'విలేజ్ రిపబ్లిక్స్' రాశాడు. కాలువ చివర, నీళ్లు అందుతాయో అందవో తెలియని ఊళ్లలోనే జనం ఉమ్మడి నిధి పెట్టుకున్నారు, నీళ్లు పంచే మనిషిని జీతమిచ్చి పెట్టుకున్నారు. నీళ్లు సులువుగా అందే ఊళ్లకు ఆ అవసరం పడలేదు. కూడి పనిచేయడం మంచితనం మీద కాదు, అవసరం మీద నడుస్తుందని అతని సారాంశం.

*

ఇక మా కరీంనగర్‌కి వస్తాను. ఇది చెరువుల దేశం. ఒకదాని మత్తడి దుంకితే నీళ్లు కింది చెరువులోకి పోయే గొలుసుకట్టు. కాకతీయుల పేరు ఎట్లాగూ చెప్పుకుంటాం, కానీ చెరువు కట్టినవాళ్లకంటే దాన్ని నిలిపినవాళ్ల చరిత్ర పొడుగైంది. చెరువు మరమ్మతుకు పాత ఏర్పాటు ఒకటి దశబంధం. చెరువు తవ్వించినవాళ్లకో బాగుచేసేవాళ్లకో దాని కింది భూమిలోనో శిస్తులోనో కొంత భాగం వదిలేయడం. పేరులోనే పదో వంతు ఉంది. నిజాం పాలనలోనూ దస్తుబందు పేరుతో ఇలాంటిదే నడిచింది.

దస్తావేజుల్లో ఉన్నది దశబంధందారు పేరు. కట్ట మీద ఉన్నది నీరటి. తూము ఎత్తేది, దించేది ఆయనే. ఏ మడికి ఎంతసేపు నీళ్లు పారాలో ఆయనకు కంఠోపాఠం. జోరు వాన రాత్రి కట్ట పొడుగునా నడిచి ఎక్కడ నీళ్లు ఊరుతున్నాయో, ఏ ఎలుక బొక్కలోంచి మట్టి జారుతోందో చూసేదీ ఆయనే. గండి పడితే మొదట దూకేది ఆయన. పంట కళ్లంలోకి వచ్చాక రైతులు కొలిచి ఇచ్చే మేర గింజలు, కొన్ని ఊళ్లలో చిన్న ఇనాం భూమి, అదీ ఆయన జీతం. ఎక్కువ ఊళ్లలో ఆయన దళితుడు. నీళ్లు ఎవరికి ఎప్పుడు పారాలో చేత్తో నిర్ణయించే మనిషికి ఆ నీళ్ల మీద మాట చెల్లేది కాదు. ఆ మాట దొరది, పటేలుది, పట్వారీది.

ఇక్కడే స్కేట్‌పార్కుల కథకూ మన కథకూ దారి చీలుతుంది. పోర్ట్‌లాండ్ కుర్రాళ్లు పైసా తీసుకోకుండా కాంక్రీటు మోశారంటే అది ముచ్చటగా వినిపిస్తుంది. జీతం లేని పని అనగానే కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెలకు గుర్తొచ్చే మాట వేరే ఉంది. వెట్టి. చాకలి, మంగలి, కుమ్మరి, మాల, మాదిగ, ఎవరి పని వాళ్లు గడీకి ఉత్తగ చేయాలి. కట్టకు మట్టి పోయాలంటే ఇంటికో మనిషి రావాలన్నప్పుడు ఆ ఇల్లు ఏది కావాలో ముందే ఖాయం. రానన్నవాడికి దండుగ, దెబ్బలు. దాన్ని కూడా ఊరి ఐకమత్యం అని పొగిడినవాళ్లున్నారు. ఊరంతా కలిసి చెరువు బాగుచేసుకునే బంగారు కాలం ఒకటి ఉండేదని మనం రాసుకునే జ్ఞాపకాల్లో తట్ట నెత్తిన పెట్టుకున్నది ఎవరో అరుదుగా కనిపిస్తుంది.

ఆ వెట్టికి ఎదురుతిరిగింది కూడా ఈ నేలే. 1946 నుంచి 1951 దాకా నడిచిన సాయుధ పోరాటం సరే. అది ముగిసి పాతికేళ్లయినా పాత కరీంనగర్ జిల్లాలో వెట్టి ఇంకా ఉంది. 1970ల చివర్లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల్లో రైతుకూలీ సంఘాలు వెట్టి బంద్ అన్నాయి, కూలి పెంచమన్నాయి. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాలలో వేలమంది నడిచిన రోజును ఇప్పటికీ జైత్రయాత్ర అంటాం. ఆ అక్టోబర్ 20న ప్రభుత్వం ఆ రెండు తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది.

వెట్టి పోయింది కాబట్టే చెరువులు పాడుబడ్డాయని కొందరు అంటుంటారు. నేను ఒప్పుకోను. కరెంటు మోటార్లు, బోర్లు వచ్చాక భూమి, పెట్టుబడి ఉన్న రైతుకు చెరువు అవసరం తప్పింది. నీళ్లు అతని చేలోనే, అతని స్విచ్చు కింద ఉన్నాయి. వేడ్ చెప్పిన సూత్రం తిరగేసి చూస్తే అంతే. అవసరం తీరినవాడు ముందు తప్పుకున్నాడు. శిఖం భూముల్లోకి పొలాలు, పట్నాల్లో అయితే ప్లాట్లు దిగాయి. తూము తుప్పు పట్టింది, కట్ట మీద తుమ్మలు మొలిచాయి. వెట్టి స్థానంలో న్యాయమైన జీతం, న్యాయమైన మాట ఉన్న ఏర్పాటును తీసుకురావడం మీద ఎవరూ మనసుపెట్టలేదు. బలవంతం పోవడం విజయం. దాని చోటును ఖాళీగా వదిలేయడమే తప్పు.

*

తర్వాత వచ్చిన ఏర్పాట్లను ఈ కొలతతో చూడొచ్చు. పని ఎవరిది, మాట ఎవరిది?

1980ల్లో ఎన్టీఆర్ ప్రభుత్వం పటేల్ పట్వారీ వ్యవస్థను రద్దు చేసింది. ఊరి మీద ఒక పట్టు సడలింది. చెరువు మాత్రం ఇంకా పైకి, ఆఫీసుల్లోకి పోయింది. 1997లో ఆంధ్రప్రదేశ్ రైతుల సాగునీటి యాజమాన్య చట్టం వచ్చింది. ఒక్క జూన్ నెలలోనే రాష్ట్రమంతటా ఎన్నికలు పెట్టి 10,292 నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పాటు చేశారు. దేశంలో అంత పెద్ద ప్రయత్నం అంతకుముందు లేదు. కాగితం మీద అది సరిగ్గా ఆస్ట్రమ్ చెప్పినట్టే ఉంది. ఆచరణలో సంఘం అధ్యక్షుడే కాంట్రాక్టరుగా మారాడన్న విమర్శ త్వరలోనే మొదలైంది. ఓటు భూమి ఉన్నవాడికే కాబట్టి, కట్ట మీద నడిచే నీరటికి, చెరువులో చేపలు పట్టే ముదిరాజ్, బెస్తలకు, బట్టలుతికే చాకలికి, బర్లు కడిగేవాళ్లకు ఆ సంఘంలో చోటు అంతంతమాత్రం. చెరువును వాడుకునేవాళ్లంటే ఆయకట్టు రైతులే అనుకున్న చోట మిగతావాళ్లు చూసిపోయేవాళ్లుగానే మిగిలారు.

2015 మార్చి 12న సదాశివనగర్ పాత చెరువు దగ్గర మిషన్ కాకతీయ మొదలైంది. రాష్ట్రంలోని 46,531 చెరువులు లెక్కలోకి వచ్చాయి. ఇందులో నాకు నచ్చింది ఒక చిన్న షరతు. పూడిక తవ్వడం ప్రభుత్వం పని, దాన్ని పొలాలకు తోలుకోవడం రైతు పని, రైతు ఖర్చు. ఒండ్రు మట్టి చేనుకు బలం కాబట్టి ట్రాక్టర్లు వాటంతటవే వరుస కట్టాయి. శ్రమకూ లాభానికీ లంకె పడితే ఎవరినీ బతిమాలనక్కర్లేదని చూపించిన నియమం అది. కానీ ఆ లంకె ఒక్కసారికే. పూడిక తీసిన మరుసటేడు తూము దగ్గర పగులొస్తే ఎవరు చూడాలి, ఏ డబ్బుతో? ఆ ప్రశ్న మళ్లీ ఎస్టిమేటు, మంజూరు, టెండరు దారిలోకే పోయింది. ఫిలడెల్ఫియాలో స్కేటర్లు చేసిన రెండో కట్టడం లాంటిదానికి ఇక్కడ అధికారికంగా తలుపు లేదు.

*

మరి మన దగ్గర మరమ్మతు చేసేవాళ్ల చేతిలోనే మాట కూడా ఉన్న చోటు లేదా? ఉంది. ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్.

ఏటా పుష్య అమావాస్య నాడు జరిగే నాగోబా జాతర గురించి టీవీలో చూసే ఉంటారు. కెమెరాలు దర్బారు మీద, నాయకుల మీద ఉంటాయి. నేను చెప్పేది పనుల గురించి. గోండుల్లో మెస్రం వంశంవాళ్లు చెప్పుల్లేకుండా నడిచి హస్తినమడుగు దగ్గర గోదావరి నీళ్లు తెస్తారు. సిరికొండ కుమ్మరులు జాతరకు కుండలు చేసిస్తారు. ఆడపడుచులు, అల్లుళ్లు కోనేటి నీళ్లతో పుట్టమట్టి కలిపి పుట్టలు కడతారు. కొత్త కోడళ్లను దేవుడి ముందు పరిచయం చేస్తారు, అప్పటినుంచి ఆ పనుల్లో వాళ్లకూ చోటు. ఎవరు ఏ పని చేయాలో అందరికీ తెలుసు. ఏటా మట్టి మళ్లీ తడపాలి, మళ్లీ కట్టాలి. నేపాల్ రైతుల కొమ్మల కట్ట లాంటిదే ఇదీ. ఏటా చేయాల్సి రావడమే మనుషుల్ని ఏటా కలుపుతోంది.

పాత గుడి చోట రాతి గుడి కట్టుకోవాలనుకున్నప్పుడు మెస్రంలు తమలో తాము చందాలు వేసుకున్నారు. పొలం మీద బతికేవాళ్లు, ఉద్యోగాలు చేసేవాళ్లు తలా ఇంత అని రాసుకుని కోట్ల రూపాయల పని చేశారు. 2022 డిసెంబర్‌లో కొత్త గుడి తెరుచుకుంది. ఎక్కడ ఏ రాయి ఉండాలో నిర్ణయించింది వాళ్లే. ఆ మాట వాళ్ల దగ్గరే ఉంది కాబట్టి ఆ పనిని వెట్టి అనం.

అయితే ఒక వంశం పని అందరి పనికి సరిపోయే నమూనా కాదు. వంశానికి హద్దు పుట్టుకతో వస్తుంది. ఊరి చెరువుకు, ఊరి మైదానానికి అలాంటి హద్దు పెడితే అది ఎటు పోతుందో మనకు తెలుసు. స్కేటర్లూ ఇందులో పుణ్యాత్ములేం కాదు. బర్న్‌సైడ్ చాలాకాలం కొత్తవాళ్లను బెదరగొట్టే చోటుగా పేరుపడింది. కాంక్రీటు మోసినవాడిదే జాగా అన్న నియమం న్యాయంగానే వినిపిస్తుంది. కానీ మోయడానికి రానివ్వని ఆడపిల్లకు, నిన్ననే ఊరికొచ్చిన పిల్లాడికి ఆ న్యాయం ఎట్లా అందుతుంది?

ఈ ప్రశ్నకు ఒక జవాబు మధ్యప్రదేశ్ పన్నా జిల్లాలో జన్వార్ అనే పల్లెలో దొరికింది. జర్మనీ నుంచి వచ్చిన ఉల్‌రికె రైన్‌హార్ట్ 2015లో అక్కడ స్కేట్‌పార్కు కట్టించింది. ఊళ్లో ఆదివాసీలు ఒక పక్క, యాదవులు ఒక పక్క. పార్కుకు పెట్టిన నియమాలు రెండే. బడికి పోకపోతే స్కేటింగ్ లేదు. బోర్డు ఎవరు ముందు ఎక్కాలన్న పేచీ వస్తే ఆడపిల్లలే ముందు. కాంక్రీటు గుంతలో కులం మాయమైపోతుందని నేననను. కానీ ముందు వరస ఎవరిదో రాసిపెట్టుకున్నాక ఆడపిల్లలు పక్కన నిలబడి చూసేవాళ్లుగా మిగల్లేదు. చోటు నిలబడాలంటే మరమ్మతు ఎంత అవసరమో, ఆ చోటులోకి ఎవరు రావాలన్న నియమాన్ని కూడా అప్పుడప్పుడూ మరమ్మతు చేసుకోవడం అంత అవసరం.

*

ఇదంతా ఇప్పుడు ఎందుకంటే, 2022లో రాష్ట్ర ప్రభుత్వం ఊరూరా తెలంగాణ క్రీడా ప్రాంగణాలు పెట్టింది. ఖోఖో, కబడ్డీ, వాలీబాల్ కోర్టులు, లాంగ్‌జంప్ గుంత, వ్యాయామానికి కడ్డీలు, ముందర పేరు రాసిన బోర్డు. పల్లెల్లో ఆటకు జాగా ఉండాలని ఒక ప్రభుత్వం అనుకోవడం చిన్న విషయం కాదు. కరీంనగర్ చుట్టుపక్కల నేను చూసినవాటిలో కొన్ని బాగున్నాయి. కొన్నిట్లో లాంగ్‌జంప్ గుంతలో ఇసుక కంటే గడ్డి ఎక్కువ. ఒకచోట నెట్ కట్టే స్తంభం వంగిపోయి ఉంది. అక్కడి పోరగాళ్లను అడిగితే, ఆ స్తంభం తాము ముట్టుకుంటే మాటొస్తుందన్నారు. అది సర్కారుది.

అదే పోరగాళ్లు ఎండాకాలం చెరువు ఎండగానే శిఖంలోకి దిగి క్రికెట్ పిచ్ తయారుచేసుకుంటారు. నెర్రెలు బాసిన రేగడిని గడ్డపారతో పొడిచి, బిందెలతో నీళ్లు మోసి తడిపి, డ్రమ్ములో మట్టి నింపి దొర్లించి చదును చేస్తారు. బ్యాటు లేనివాడు నీళ్లు మోసి ఆటలో చోటు సంపాదించుకుంటాడు. జూన్‌లో వాన పడితే పిచ్ మునిగిపోతుంది. మళ్లీ ఎండాకాలం, మళ్లీ గడ్డపార. పిల్లలకు బాధ్యత లేదని తీర్మానించే ముందు ఈ పిచ్ కూడా చూడాలి. ఆ పిచ్ ఎక్కడ ఉండాలో, ఎంత పొడుగుండాలో వాళ్లే తేల్చుకున్నారు. ప్రాంగణం గేటు ఎటు ఉండాలో మాత్రం వాళ్లను ఎవరూ అడగలేదు. అమ్మాయిలు ఆ రెండు చోట్లా తక్కువే కనిపించారు. జన్వార్ నియమం అవసరం మనకెంత ఉందో అక్కడే తెలుస్తుంది.

ఇట్లాంటి చోట్ల గురించి సమావేశాల్లో 'ప్రజల భాగస్వామ్యం' అనే మాట తరచుగా వినిపిస్తుంది. ఒక్కోసారి దాని అర్థం శ్రమదానం రోజున చీపుర్లు పట్టుకుని ఫొటో దిగడం వరకే. నిర్ణయం మండలంలో, బిల్లు జిల్లాలో, చీపురు మాత్రం ఊళ్లో. వెట్టి అనుభవం ఉన్న నేల దీన్ని అనుమానంగా చూడటంలో తప్పేముంది? పని అడిగేవాళ్లు మాట కూడా ఇవ్వాలి. ఏడాదికి ఎంతో కొంత డబ్బు, గ్రామ పంచాయతీ ఖాతాలోనే, ప్రాంగణం పేరు మీద విడిగా ఉండాలి. దాన్ని ఎట్లా ఖర్చుపెట్టాలో చెప్పే కమిటీలో ఆడే పిల్లలు, అందులో సగం ఆడపిల్లలు కూర్చోవాలి. గడ్డి కోయడం, ముగ్గుతో గీతలు గీయడం, నెట్ బిగించడం పిల్లలు చేసుకుంటారు. వెల్డింగుకు, ఇసుక ట్రాక్టరుకు, రోజూ చూసుకునే మనిషికి కూలి ఇవ్వాల్సిందే. నీరటికి మనం బాకీపడ్డది ఆ కూలి, ఆ మాట రెండూ.

వంగిపోయిన ఆ స్తంభాన్ని నిటారుగా నిలపడానికి ఒక బస్తా సిమెంటు, ఇద్దరు మనుషులు, ఒక పూట పని చాలు. కావాల్సిన మనుషులు ఆ ఊళ్లోనే ఉన్నారు. చేసుకోండి, ఇది మీదే అని వాళ్లకు రాతపూర్వకంగా చెప్పే ఒక కాగితమే ఇంకా రావాల్సి ఉంది.